కార్డు ఉంటే చాలదు, జాబితాలో పేరుండాలి: ఓటు నమోదు, మార్పులు, తొలగింపుల లోగుట్టు

చేతిలో ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదు. పోలింగ్ అధికారి ముందున్న జాబితాలో పేరు ఉంటేనే వేలికి సిరా పడుతుంది. పేరు ఉండి కార్డు పోయినా పెద్ద ఇబ్బంది లేదు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్‌కార్డు లాంటి పత్రాల్లో ఏదో ఒకటి చూపించి ఓటు వేయొచ్చు. కార్డు బీరువాలో భద్రంగా ఉండి జాబితాలో పేరు లేకపోతే మాత్రం పోలింగ్ రోజున కలెక్టరు కూడా ఏమీ చేయలేరు.

2018 డిసెంబర్ 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగ్‌లో ఇదే జరిగింది. అంతకుముందు ఓటేసినవాళ్లు, కార్డు పట్టుకుని వచ్చినవాళ్లు పేరు లేక వెనుదిరిగారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా తన పేరు గల్లంతయిందని చెప్పారు. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ ఓటర్లకు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 2015లో ఆధార్ అనుసంధానంతో మొదలైన జాబితాల ప్రక్షాళనలో సరైన విచారణ లేకుండానే పేర్లు తీసేశారన్న విమర్శ అప్పుడు గట్టిగా వినిపించింది. ఆధార్ అనుసంధానాన్ని ఆ ఏడాది ఆగస్టులోనే సుప్రీంకోర్టు ఉత్తర్వులతో ఆపేశారు. అయినా అప్పటికే పోయిన పేర్లు వాటంతట అవి తిరిగి రాలేదు. తమ పేరు పోయిందని చాలామందికి మూడేళ్ల తర్వాత, అదీ పోలింగ్ కేంద్రం గడప దగ్గర తెలిసింది.

అందుకే ఓటు నమోదును పద్దెనిమిదేళ్లు నిండినప్పుడు ఒకసారి చేసి మరచిపోయే పనిగా చూడకూడదు. జాబితా ఏటా మారుతుంది, మనుషులు ఊళ్లు మారుతుంటారు. ఈ రెండింటికీ పొంతన తప్పిన చోటల్లా ఒక ఓటు పోతుంది.

అంతా నివాసం మీదే

ఓటరు జాబితాకు ఆధారం 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం. దాని 19వ సెక్షన్ రెండే షరతులు పెట్టింది. అర్హత తేదీ (వయసు లెక్కగట్టే రోజు) నాటికి 18 ఏళ్లు నిండాలి, ఆ నియోజకవర్గంలో సాధారణ నివాసి అయి ఉండాలి. భారత పౌరసత్వం ఎలాగూ తప్పనిసరి. ఓటు వయసు మొదట 21 ఏళ్లు ఉండేది. 61వ రాజ్యాంగ సవరణ తర్వాత 1989 నుంచి 18కి తగ్గింది.

సాధారణ నివాసి అంటే ఎవరో 20వ సెక్షన్ చెబుతుంది. తెలుగువాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఒక ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కారని ఆ సెక్షన్ స్పష్టంగా అంటోంది. అలాగే, కొన్నాళ్లు ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసం పోదనీ అంటోంది. అంటే ఆస్తి ఎక్కడుందన్నది ప్రశ్న కాదు. మనిషి మామూలుగా ఎక్కడ ఉంటున్నాడు, ఎక్కడ నిద్రపోతున్నాడు అన్నదే ప్రశ్న. కుటుంబంతో సహా పదేళ్లుగా కూకట్‌పల్లిలో ఉంటున్న వ్యక్తికి పశ్చిమ గోదావరిలో తాతల నాటి పెంకుటిల్లు ఉన్నా, చట్టం ప్రకారం ఓటు కూకట్‌పల్లిలోనే. మూడు నెలల పనికి బెంగళూరు వెళ్లి తిరిగొచ్చే మేస్త్రీ ఓటు మాత్రం సొంత ఊళ్లోనే ఉంటుంది.

ఒక మనిషికి ఒకేచోట ఓటు. 17వ సెక్షన్ ప్రకారం రెండు నియోజకవర్గాల్లో నమోదు కాకూడదు, 18వ సెక్షన్ ప్రకారం ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు నమోదు కాకూడదు. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. హైదరాబాద్‌లో ఒకటి, ఆంధ్రలో ఒకటి ఉంచుకోవడం చాలాకాలం నేరంగా కాక సౌకర్యంగా చలామణీ అయింది. 2019 ఏప్రిల్ 11న, 2024 మే 13న రెండు రాష్ట్రాల్లోనూ ఒకేరోజు పోలింగ్ పెట్టడంతో రెండుచోట్లా ఓటేయడం కష్టమైంది కానీ, రెండు నమోదులు మాత్రం చాలా ఇళ్లలో అలాగే ఉన్నాయి. వాటివల్ల నష్టం ఎక్కువగా ఆ ఓటరుకే. పేరు, తండ్రి పేరు, వయసు, ఫొటో పోలిన నమోదులను సాఫ్ట్‌వేర్ జతలుగా పట్టిస్తుంది. వాటిలో ఏదో ఒకటి తొలగించే పని బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్ఓ మీద పడుతుంది. ఎక్కడి ఓటు ఉంచుకోవాలో ఓటరే ముందుగా తేల్చుకోకపోతే, కావాల్సినది పోయి అక్కర్లేనిది మిగిలే ప్రమాదం ఉంది.

కొత్తవాళ్లకే ఫారం 6

ఇంతవరకు దేశంలో ఎక్కడా ఓటరుగా నమోదు కానివాళ్లకే ఫారం 6. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే సగం చిక్కులు రావు.

2022 ఆగస్టు 1 నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు అమల్లోకి వచ్చాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. అంతకుముందు జనవరి 1 ఒక్కటే ఉండేది. జనవరి 2న పుట్టినవారు దాదాపు ఏడాది పాటు ఎదురుచూడాల్సి వచ్చేది. ఇప్పుడు 2008 ఆగస్టు 20న పుట్టినవారికి 2026 అక్టోబర్ 1 అర్హత తేదీ అవుతుంది. పదిహేడేళ్లు దాటితే ముందుగానే దరఖాస్తు ఇచ్చుకోవచ్చు. దాన్ని పక్కన పెట్టి, వయసు నిండిన త్రైమాసికంలో పరిశీలిస్తారు.

దరఖాస్తుకు ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్ ఉంది, మొబైల్ యాప్ ఉంది. కాగితం మీద నింపి బీఎల్ఓకు గానీ తహసీల్దారు కార్యాలయంలో గానీ ఇవ్వొచ్చు. ఏ దారిన ఇచ్చినా రుసుం లేదు. తెల్లటి నేపథ్యంలో తీసిన, సంతకం లేని పాస్‌పోర్టు సైజు ఫొటో ఒకటి కావాలి. పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం, పదో తరగతి లేదా ఇంటర్ మెమో, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టులలో ఒకటి చాలు. మెమోలో పుట్టిన తేదీ ఉండాలన్నది చూసుకోవాలి.

చిరునామా రుజువు దగ్గరే అద్దె ఇళ్లవాళ్లు ఇరుక్కుంటారు. ఫారం అడిగేవి ఇవి: కనీసం ఏడాదిగా ఉన్న కరెంటు, నీళ్లు లేదా గ్యాస్ కనెక్షన్ బిల్లు, ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాస్‌పోర్టు, రెవెన్యూ భూమి రికార్డు, రిజిస్టరైన అద్దె ఒప్పందం, సొంతిల్లయితే రిజిస్టరైన అమ్మకం దస్తావేజు. నగరాల్లో అద్దెదారు చేతిలో సాధారణంగా ఉండేది పదకొండు నెలల ఒప్పందం, అదీ నోటరీ చేయించినది. అది రిజిస్టరు కానిది కాబట్టి ఈ జాబితాలోకి రాదు. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరు మీద ఉంటుంది. ఇలాంటప్పుడు తేలికైన మార్గం బ్యాంకులో చిరునామా మార్పించి పాస్‌బుక్ కొత్తగా ముద్రించుకోవడం, లేదా గ్యాస్ కనెక్షన్ తన పేరు మీద ఉంటే ఆ బిల్లు వాడుకోవడం. రుజువు దరఖాస్తుదారు పేరు మీదే ఉండాలని లేదు. తల్లి, తండ్రి, భర్త, భార్య లేదా వయసొచ్చిన పిల్లల్లో ఒకరు ఇప్పటికే అదే చిరునామాలో ఓటరై ఉంటే వాళ్ల పత్రం కూడా పనికొస్తుంది. ఇల్లంటూ లేకుండా ఫుట్‌పాత్ మీద బతికేవాళ్లకు చిరునామా పత్రమే అక్కర్లేదు. ఫారంలో రాసిన చోట వాళ్లు నిజంగా రాత్రిళ్లు పడుకుంటున్నారా లేదా అని బీఎల్ఓ రాత్రిపూట వెళ్లి చూడాలన్నది ఎన్నికల సంఘం నియమం. ఈ సంగతి తెలియక ఎందరో పేదలు దరఖాస్తే పెట్టుకోవడం లేదు.

హాస్టల్ విద్యార్థులకు ఎంచుకునే వీలుంది. తల్లిదండ్రుల ఊళ్లో నమోదు కావొచ్చు, లేదా హాస్టల్ చిరునామాలో కావొచ్చు. రెండోది కావాలంటే గుర్తింపు పొందిన కోర్సు చదువుతున్నట్టు కాలేజీ ప్రిన్సిపాల్ నుంచి ధ్రువీకరణ తేవాలి. కోర్సు కనీసం ఏడాదిది అయి ఉండాలి.

ఆధార్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఆధార్ నంబరు ఇవ్వకపోతే ఓటు రాదన్నది నిజం కాదు. 2021 సవరణ చట్టం కూడా దాన్ని తప్పనిసరి చేయలేదు. ఫారాల్లోని పదజాలం చూస్తే తప్పనిసరి అన్నట్టే ఉందని తెలంగాణ కాంగ్రెస్ నాయకుడు జి. నిరంజన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆధార్ నంబరు తప్పనిసరి కాదని, ఫారాల్లో తగిన మార్పులు చేసే ఆలోచన ఉందని ఎన్నికల సంఘం 2023 సెప్టెంబర్‌లో కోర్టుకు చెప్పింది. ఆన్‌లైన్‌లో మాత్రం పరిస్థితి కొంత మారింది. 2025 సెప్టెంబర్‌లో పోర్టల్‌లో ఆధార్ ఆధారిత ఈ-సైన్ పెట్టారు. ఆధార్‌కు అనుసంధానమైన ఫోనుకు వచ్చే ఓటీపీతో దరఖాస్తు ముగించాలి. ఆ ఫోను నంబరు ఎప్పుడో మారిపోయినవాళ్లకు కాగితం ఫారమే దారి.

పేరు రాసే గడి దగ్గర ఆగాలి

నమోదులో అన్నిటికన్నా ఎక్కువ తప్పులు పేరులోనే జరుగుతాయి. అందుకు కారణం మన పేర్లు రాసే తీరు. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రాయడం మన అలవాటు. ఫారంలో మొదటి గడి అసలు పేరుకు, రెండోది ఇంటిపేరుకు. స్కూల్లో ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి రాయించి ఉంటారు, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో తిరగబడి ఉంటుంది. వెంకట సత్యనారాయణ అనే మనిషి నాలుగు కార్డుల్లో నాలుగు రకాలుగా కనిపించడం వింతేమీ కాదు. ఈ-సైన్ దగ్గర ఓటరు జాబితా పేరుకూ ఆధార్ పేరుకూ పొంతన కుదరకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. కొత్తగా నమోదయ్యేవాళ్లు ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు దించడమే క్షేమం. ఆధార్‌లోనే తప్పుంటే ముందు అక్కడ సరిచేయించుకోవాలి.

రెండో చిక్కు లిపిది. ఆన్‌లైన్ ఫారంలో ఇంగ్లిషులో పేరు కొట్టగానే పక్క గడిలో తెలుగులో అదే వచ్చేస్తుంది. యంత్రానికి మన దీర్ఘాలు, ణకారాలు, ళకారాలు తెలియవు. రమణ కాస్తా రామన అవుతుంది, కమల కామల అవుతుంది, వాణి వని అవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో జాబితా తెలుగులోనూ అచ్చవుతుంది కాబట్టి ఆ తప్పు అలాగే ఎక్కిపోతుంది. ఆ తెలుగు గడిని చేత్తో సరిచేసుకునే వీలుంది. చాలామంది అటు చూడకుండానే తర్వాతి పేజీకి వెళ్లిపోతారు. తండ్రి లేదా భర్త పేరు గడికీ ఇదే జాగ్రత్త. అక్షర దోషం ఉన్నంత మాత్రాన ఓటు నిరాకరించరు, మనిషి ఎవరో తెలిస్తే చాలు. కానీ తర్వాత పేరుతో వెతికితే దొరకదు. దొరక్కపోయేసరికి పేరు పోయిందనుకుని మళ్లీ ఫారం 6 పెడతారు. రెండు నమోదులు అలా పుట్టుకొస్తాయి.

ఇల్లు మారితే ఫారం 8

పాత పద్ధతిలో ఇల్లు మారినవాళ్లకు రెండు దారులుండేవి. అదే నియోజకవర్గంలోనైతే ఫారం 8ఏ, వేరే నియోజకవర్గమైతే ఫారం 6. 2022 ఆగస్టు నుంచి 8ఏ లేదు. ఎక్కడి నుంచి ఎక్కడికి మారినా ఫారం 8 ఒక్కటే. శ్రీకాకుళం నుంచి చేవెళ్లకు రాష్ట్రం దాటి వచ్చినా అంతే. పాత పద్ధతికి అలవాటుపడి ఇప్పటికీ ఫారం 6 పెట్టమని సలహా ఇచ్చే మీసేవ కేంద్రాలున్నాయి, పార్టీ కార్యకర్తలున్నారు. ఆ సలహా వింటే రెండు నష్టాలు. తాను ఎక్కడా ఓటరు కానని ఫారం 6లో సంతకం చేయడం తప్పుడు ప్రకటన అవుతుంది. పాత నమోదు కదలక అక్కడే ఉండిపోతుంది. ఫారం 8 పెడితే పాత ఎపిక్ (ఓటరు కార్డు) నంబరుతోనే కొత్తచోటుకు బదిలీ అవుతుంది. మూడు అక్షరాలు, ఏడు అంకెలుండే ఆ నంబరు జీవితాంతం ఒకటే ఉండాలన్నది ఉద్దేశం.

ఫారం 8 నాలుగు పనులకు: ఇల్లు మారడం, తప్పుల సవరణ, పోయిన లేదా పాడైన కార్డుకు బదులు కొత్తది, వైకల్యం ఉన్నట్టు గుర్తింపు. చివరిదాన్ని జనం పట్టించుకోరు. అది నమోదై ఉంటే చక్రాల కుర్చీ లాంటి సాయం ముందుగా సిద్ధం చేయడం తేలికవుతుంది. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నవాళ్లు, 85 ఏళ్లు దాటినవాళ్లు ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లో ఫారం 12డి ఇచ్చి ఇంటి దగ్గరే ఓటు వేయొచ్చు.

పెళ్లయి అత్తారింటికి వెళ్లిన ఆడవాళ్ల ఓట్లు పుట్టింట్లోనే మిగిలిపోవడం తెలుగు పల్లెల్లో కనిపించే మామూలు సంగతి. ఇల్లు మారే ఫారం 8లో భర్త అప్పటికే ఆ చిరునామాలో ఓటరై ఉంటే అతని చిరునామా పత్రమే సరిపోతుంది. తండ్రి పేరు తీసి భర్త పేరు పెట్టాలన్న నిర్బంధం ఎక్కడా లేదు. ఇంటిపేరు మార్చుకోవాలన్న నిర్బంధమూ లేదు. అవి మార్చబోతే ఆధార్, మెమో, పాస్‌బుక్ అన్నీ ఒకదానితో ఒకటి పడక అనవసరంగా మెలికలు పడతాయి. ఇష్టముంటే మార్చుకోవచ్చు, ఓటు కోసమైతే అక్కర్లేదు.

ఊళ్లో ఓటు తీసేస్తే రేషన్ కార్డు పోతుందని, పింఛను ఆగుతుందని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఓటరు జాబితా ఎన్నికల సంఘానిది, రేషన్ కార్డు పౌరసరఫరాల శాఖది. ఓటు ఒక నియోజకవర్గం నుంచి మరోదానికి మారితే రేషన్ కార్డు రద్దు చేసే నిబంధన ఓటరు నమోదు చట్టంలో లేదు.

దరఖాస్తు ఇచ్చాక ఏం జరుగుతుంది

దరఖాస్తు అందగానే ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది. దాన్ని రాసి పెట్టుకోవాలి, స్క్రీన్‌షాట్ తీసుకుంటే ఇంకా మంచిది. ఆ తర్వాత దరఖాస్తు బీఎల్ఓకు చేరుతుంది. అంగన్‌వాడీ కార్యకర్త, టీచరు, సచివాలయ ఉద్యోగి ఎవరైనా బీఎల్ఓ కావొచ్చు. వాళ్ల అసలు ఉద్యోగానికి తోడు ఇది అదనపు బరువు. ఇంటికొచ్చి మనిషిని, చిరునామాను చూసి నివేదిక రాస్తారు. దరఖాస్తుల జాబితాను నోటీసు బోర్డులో, వెబ్‌సైట్‌లో పెట్టి, కనీసం ఏడు రోజులు అభ్యంతరాలకు గడువిచ్చాకే నియోజకవర్గ ఓటర్ల నమోదు అధికారి, అంటే ఈఆర్ఓ నిర్ణయం తీసుకోవాలి. కాబట్టి ఇవాళ ఇచ్చి రేపు కావాలంటే కుదరదు.

తిరస్కరణకు ఎక్కువగా కనిపించే కారణం, బీఎల్ఓ వచ్చినప్పుడు తలుపు తాళం వేసి ఉండటం. నగరాల్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తే పగటిపూట ఎవరూ ఉండరు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ 'అలాంటివాళ్లు ఎవరూ లేరు' అని పంపించేస్తాడు. ఫారంలో రాసే ఫోను నంబరు పనిచేసేదై ఉండాలి, ఫ్లాట్ నంబరు, అపార్ట్‌మెంట్ పేరు, దగ్గరి గుర్తు పూర్తిగా రాయాలి, వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచాలి. పోర్టల్‌లో ఎపిక్ నంబరు కొడితే బీఎల్ఓ పేరు, ఫోను కనిపిస్తాయి. వారం దాటినా ఎవరూ రాకపోతే తామే ఫోను చేయడం మేలు. 1950 టోల్‌ఫ్రీ నంబరుకు చేసి రిఫరెన్స్ నంబరు చెప్పినా స్థితి తెలుస్తుంది.

తిరస్కరిస్తే అంతటితో అయిపోలేదు. 24వ సెక్షన్ కింద ఈఆర్ఓ నిర్ణయం మీద పదిహేను రోజుల్లో జిల్లా మేజిస్ట్రేట్‌కు, అక్కడా న్యాయం జరగకపోతే ముప్పై రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఈ హక్కును వాడుకునేవాళ్లు చాలా తక్కువ. తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకుంటేనే అప్పీలులో పట్టు దొరుకుతుంది.

పేరు ఎలా పోతుంది

చనిపోయినవారి పేరు, శాశ్వతంగా వెళ్లిపోయినవారి పేరు, రెండుసార్లు ఉన్న పేరు, పౌరసత్వం లేనివారి పేరు తీయమని అడిగేందుకు ఫారం 7 ఉంది. అది అవసరమైన ఫారమే. ఇంట్లో పెద్దవాళ్లు పోయినప్పుడు మరణ ధ్రువపత్రం జతచేసి ఫారం 7 ఇవ్వడం కుటుంబం బాధ్యత. ఆ పేరు అలాగే ఉంటే దొంగ ఓటుకు అవకాశమిచ్చినట్టే. కానీ ఇదే ఫారాన్ని ఇతరుల ఓటు తీయించే ఆయుధంగా వాడిన సందర్భాలున్నాయి. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో ఆన్‌లైన్‌లో వచ్చిపడ్డాయి. ఊళ్లోనే ఉన్నవాళ్ల పేరు తీసేయమని వాళ్లకే తెలియకుండా అర్జీలు పెట్టారు. పోలీసు కేసులు నమోదయ్యాయి. అభ్యంతరం చెప్పేవారు అదే నియోజకవర్గ ఓటరై ఉండాలి, ఎవరి పేరు మీద అభ్యంతరమో వారికి నోటీసిచ్చి వాదన వినాలి. నిబంధనలు ఇలా గట్టిగానే ఉన్నాయి. నోటీసు వచ్చినప్పుడు అదేదో మామూలు కాగితమని పక్కన పడేయకుండా చెప్పిన తేదీకి హాజరు కావాలి. హాజరు కాకపోతే అభ్యంతరమే నెగ్గుతుంది.

ఇంకో దారి సమగ్ర సవరణ. బిహార్‌లో 2025 జూన్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ మొదలైంది. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయారని, వలసపోయారని, దొరకలేదని, రెండుచోట్ల ఉన్నారని కారణాలు చెప్పారు. ఆ పేర్లను కారణాలతో సహా బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించాకే ఎవరి పేరు ఎందుకు పోయిందో జనానికి తెలిసింది. గుర్తింపు పత్రాల్లో ఆధార్‌ను కూడా తీసుకోవాలని తర్వాత కోర్టు చెప్పింది. అక్టోబర్ 27న ప్రకటించిన రెండో విడతలో పుదుచ్చేరి కూడా ఉండటంతో యానాం తెలుగువాళ్లు ఆ ప్రక్రియలోకి వచ్చారు. ఇలాంటి సవరణలో బీఎల్ఓ ఇచ్చే ఫారం నింపి తిరిగి ఇవ్వనివారి పేరు ముసాయిదాలోకే రాదు. అప్పుడు అర్హత ఉందని నిరూపించుకునే బరువు ఓటరు మీదకు మారుతుంది. వలస కూలీలకు, అద్దె ఇళ్లవాళ్లకు, ఊరు మారినా ఓటు మార్చుకోనివాళ్లకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ అక్కడే.

అందువల్ల జాబితాను కళ్లారా చూసుకోవడమే అసలు రక్షణ. ఎపిక్ నంబరుతో వెతికితే రెండు క్షణాల్లో తేలుతుంది. ఇంకా నమ్మకం కావాలంటే పోలింగ్ కేంద్రం భాగం సంఖ్యతో పీడీఎఫ్ జాబితా దించుకోవచ్చు. ఒక్కో పేజీకి ముప్పై గడులుంటాయి. అసలు జాబితా అయ్యాక చివర్లో అనుబంధాలుంటాయి, చేర్పులు, తొలగింపులు, సవరణలు అక్కడే. తొలగించిన పేరు గడి మీద అడ్డంగా తొలగింపు ముద్ర ఉంటుంది. పక్కన ఒక అక్షరం కారణం చెబుతుంది: 'ఈ' అంటే మరణం, 'ఎస్' అంటే నివాసం మారడం, 'ఆర్' అంటే పునరావృతం, 'ఎం' అంటే ఆచూకీ లేకపోవడం, 'క్యూ' అంటే అనర్హత. మొదటి పేజీల్లో పేరు చూసి సంతోషపడి ఆగిపోకుండా ఈ ముద్ర, ఈ అక్షరం కూడా చూడాలి. సాధారణంగా వార్షిక సవరణలో ముసాయిదా అక్టోబర్, నవంబర్‌లలో వస్తుంది, తుది జాబితా జనవరి మొదటివారంలో వస్తుంది. ముసాయిదా వచ్చిన నెలలో అభ్యంతరం చెప్పడం, తర్వాత పరిగెత్తడం కన్నా చాలా తేలిక.

విదేశాల్లో ఉన్నవారు, పట్టభద్రులు

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ భారత పాస్‌పోర్టు నిలుపుకున్నవాళ్లు ఫారం 6ఏతో పాస్‌పోర్టులోని స్వదేశీ చిరునామాలో ఓటరు కావొచ్చు. వాళ్లకు కార్డు ఇవ్వరు, పోలింగ్ రోజున అసలు పాస్‌పోర్టు చూపించి స్వయంగా వచ్చి ఓటేయాలి. వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవారికి, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఓటు లేదు.

శాసనమండలి ఉన్న రెండు తెలుగు రాష్ట్రాల్లో పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాల జాబితా పూర్తిగా వేరు. అర్హత తేదీ నవంబర్ 1. పట్టభద్రులకు ఫారం 18, ఉపాధ్యాయులకు ఫారం 19. పట్టభద్రులైతే డిగ్రీ పూర్తయి మూడేళ్లు గడవాలి. ప్రతి ఎన్నికకూ జాబితా మొదటి నుంచి తయారవుతుంది. ఆరేళ్ల కిందట నమోదయ్యాం కదా అని ఊరుకుంటే ఈసారి పేరుండదు. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలకు మాత్రం విడిగా నమోదు అక్కర్లేదు. రాష్ట్ర ఎన్నికల సంఘం శాసనసభ జాబితానే వార్డులవారీగా విడదీసి వాడుకుంటుంది.

తలుపు మూసే రోజు

ఎన్నికల ప్రకటన వచ్చాక కూడా కొన్నాళ్లు దరఖాస్తులు తీసుకుంటారు. కానీ 23వ సెక్షన్ ప్రకారం నామినేషన్ల చివరి తేదీ తర్వాత జాబితాలో చేర్పులు, మార్పులు ఉండవు. ఏడు రోజుల నోటీసు, విచారణ కలుపుకుంటే దానికి పది రోజుల ముందే దరఖాస్తు చేరాలి. 2024లో రెండు రాష్ట్రాల్లో నామినేషన్లకు ఏప్రిల్ 25 చివరి రోజు, అంటే ఏప్రిల్ 15 దాటాక పెట్టిన దరఖాస్తులు ఆ ఎన్నికకు పనికిరాలేదు. పోలింగ్ మే 13న కదా, ఇంకా నెల ఉందిలే అనుకున్నవాళ్లు అలా వెనకబడిపోయారు.

ప్రతి ఎన్నికకూ వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతుంది: జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి 'చాలెంజ్ ఓటు' అడిగితే వేయనివ్వాల్సిందే అని. అది అబద్ధం. చాలెంజ్ అంటే ఓటేయడానికి వచ్చిన వ్యక్తి అసలు మనిషి కాదని పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడం. పేరు లేనివాళ్లకు దానితో సంబంధమే లేదు. పేరు ఉండి, వెళ్లేసరికి ఎవరో ఆ ఓటు వేసేసి ఉంటే మాత్రం హక్కు ఉంది. ప్రిసైడింగ్ అధికారి అడిగే ప్రశ్నలకు సరైన జవాబులిస్తే టెండర్ ఓటు కింద కాగితపు బ్యాలెట్ ఇస్తారు. దాన్ని యంత్రంలో కలపరు, వేరే కవరులో పెట్టి ముద్ర వేస్తారు, మామూలు లెక్కింపులో లెక్కపెట్టరు. ఇంకో సందర్భం, బీఎల్ఓ తయారుచేసే గైర్హాజరు, వలస, మృతుల జాబితాలో పొరపాటున పేరు ఎక్కడం. ఆ పేరు అసలు జాబితాలో ఉన్నంతవరకు ఓటు పోదు. గుర్తింపు పత్రం గట్టిగా పరిశీలించి, సంతకంతోపాటు వేలిముద్ర తీసుకుని ఓటు వేయనిస్తారు. అలాంటప్పుడు వాదనకు దిగకుండా ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఆ నిబంధన గుర్తుచేసి నిలబడాలి.